ఎడమ చేతి గాజులు

సూర్యకుమారి వరండాలో నడిచి వస్తోందంటే రోగులు పడుకున్నచోటే సర్దుకుని పడుకునేవారు. దగ్గు వస్తున్నవాడు దగ్గు ఆపుకునేవాడు. చుట్ట కాలుస్తున్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు, చుట్టతో పాటు తనూ దుప్పట్లో దూరిపోయేవాడు. టెక్కలి బజారు చివర, ఎవరో ధర్మాత్ముడు పెట్టిపోయిన పన్నెండు మంచాల ఆసుపత్రి అది. డాక్టరు ఉమామహేశ్వరరావు గారు మెత్తటి మనిషి కావడంతో పెత్తనమంతా హెడ్ నర్సుగారిదే. అరవై ఆరులో ఆమెకి ముప్ఫై రెండేళ్ళు.

ఆమెది నందిగాం. బడిపంతులు గారి కూతురు. అలాంటి ఇంటి పిల్ల ఊళ్ళోవాళ్ళ పుళ్ళు కడగడానికి పోవడమేమిటని బంధువులు ముక్కు మీద వేలేసుకున్నారు. తండ్రి ఆర్నెల్లు మాట మానేశాడు. తల్లి దుర్గాంబ మాత్రం నాలుగు కన్నీళ్ళు కార్చి విశాఖపట్నం ట్రైనింగుకి రైలెక్కించింది. మొదటి సెలవులకి కూతురు ఇంటికొస్తే గుమ్మంలోనే ఆపేసి చేతులకేసి చూసింది.

"ఆ బోసి చేతులేమిటే! పెళ్ళి కావలసిన పిల్లవి."

సూర్యకుమారి నవ్వేసింది. గాజుల సందుల్లో మురికి చేరుతుంది కాబట్టి నర్సు మణికట్టు మీద ఏమీ ఉండకూడదు. ట్రైనింగులో మొదటి రోజు పాఠం అది. ఆ రోజే డజను గాజులూ తీసి ట్రంకు పెట్టెలో పడేసింది. ఓ వారం పాటు చేతులు తేలిగ్గా, తనవి కానట్టుగా ఉండేవి. ఆ తరవాత ఆడదాని చేతికి గాజులుంటాయన్న సంగతే మర్చిపోయింది. ఆ మరుపు చివరికి ఇంకొకరి కొంప ముంచింది.

పెళ్ళి మాట వెనకపడింది, ఉద్యోగం ముందుకొచ్చింది. బంధువులందరికీ జవాబు చెప్పాలన్న పంతం ఒకటి ఆమెలో గట్టిగా ఉండేది. తన వార్డులో దుప్పటి మీద మరక కనపడకూడదు, సూది వేళ తప్పకూడదు, కట్టు వదులు కాకూడదు. రోగుల పేర్లు గుర్తు పెట్టుకునే అలవాటు లేదు. మూడో నంబరు, తొమ్మిదో నంబరు, అంతే. మూడో నంబరు ఎందుకో ఏడుస్తోందని ఆయా వరహాలమ్మ వచ్చి చెప్తే, "జ్వరం ఎంతుందో చెప్పు, ఏడుపు సంగతి తరవాత" అనేది. దయలేని మనిషి కాదు. దయకి వేరే వేళ ఉంటుందనుకునేది, ఆ వేళ ఎప్పుడూ దొరికేది కాదు.

ఏడో నంబరు మంచానికి సింహాచలమ్మ వచ్చింది కార్తీకం వెళ్ళిన కొత్తలో. భావనపాడు మనిషి. పాతికేళ్ళుంటాయేమో. చేపలు ఏరుతుంటే జెల్ల చేప ముల్లు కుడి అరచేతిలో దిగింది. నాలుగు రోజులు పసుపు అద్దుకుని ఊరుకుంది. అయిదో రోజుకి చెయ్యి మోచేతి దాకా వాచి, ఎర్రబడి, వేలు ముట్టుకుంటే కేక పెట్టే స్థితికి వచ్చింది. అత్త పైడమ్మ వెంటపెట్టుకుని తెచ్చింది. మొగుడు అప్పలరాజు ఊళ్ళో లేడు. నావలో మరో ఆరుగురితో కలిసి గోపాలపురం వైపు వేటకి వెళ్ళి వారమైంది. చేపలు పట్టబోవడాన్ని ఆ ఊళ్ళో వేట అంటారు, మొగుడు వేటకి వెళ్ళాక తిరిగి వచ్చేదాకా పెళ్ళాం నడకా మాటా కూడా ఒక పద్ధతిలో ఉంటాయి. తల విరబోసుకోదు, అశుభం మాట నోట రానివ్వదు, చేతి గాజు చిట్లకుండా చూసుకుంటుంది.

ఇదంతా సూర్యకుమారికి తెలియదని కాదు. ఆ తీరానికి పదిమైళ్ళ దూరంలో పుట్టిన మనిషి. తెలుసు గాని, ఆసుపత్రి గుమ్మం దాటితే అది పనికొచ్చే తెలివిడి అని ఎవరూ ఆమెకి నేర్పలేదు.

డాక్టరు గారు చెయ్యి చూసి నొసలు చిట్లించారు. వాచిన కండలో కుడిచేతి గాజులు కూరుకుపోయి ఉన్నాయి. "వెంటనే ఆ గాజులు తీయించండమ్మా. రక్తం ఆడ్డం లేదు. కోత పెట్టి చీము తీసేద్దాం" అని పక్కగదిలోకి వెళ్ళారు.

సూర్యకుమారి పట్టకారు తీసుకుని వచ్చింది. సింహాచలమ్మ చెయ్యి బల్లమీద పెట్టి, పట్టకారు పిడితో టక్కున కొట్టింది. ఒకటి, రెండు, మూడు. గాజు ముక్కలు తెల్లటి పింగాణీ పళ్ళెంలో పడ్డాయి. గోడవార నించున్న పైడమ్మకి జరుగుతున్నదేమిటో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"ఓలమ్మా, ఏటి సేత్తన్నావు! నా కొడుకు నీల్లమీద ఉన్నాడు తల్లీ! ఆగు, ఆగు!"

"చెయ్యి కావాలా మీకు, గాజులు కావాలా?" అంది సూర్యకుమారి, తలెత్తకుండానే.

కుడిచేతి గాజులన్నీ అయ్యాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆపరేషను బల్ల ఎక్కే ఆడమనిషి రెండు చేతులూ ఒట్టివిగా ఉండాలని రూలు. ఎడమ చెయ్యి శుభ్రంగానే ఉంది, వాపూ లేదు, గాజులు వదులుగా ఆడుతున్నాయి. మెల్లగా జారిస్తే వచ్చేవి. జారించడానికి అర నిమిషం ఎక్కువ పడుతుంది. ఆ చెయ్యి కూడా లాగి బల్లమీద పెట్టి, అవీ కొట్టేసింది. సింహాచలమ్మ గింజుకోలేదు. కోత పెట్టినప్పుడు కూడా అరవలేదు. డాక్టరు గారు కుడిచేతిలో చీము తీస్తున్నంతసేపూ తన ఎడమ మణికట్టుకేసే చూస్తూ పడుకుంది.

మొగుడు పోయిన ఆడదాని గాజులు పదోరోజున అలాగే పగలగొడతారు. మరి ఇక్కడ మొగుడు సముద్రం మీద ఉండగానే, అత్త కళ్ళముందు, ఆ పని జరిగిపోయింది. పైడమ్మ వరండాలో చతికిలబడి శోకాలు పెట్టింది. వార్డులో ఆడవాళ్ళు ఏడో నంబరు మంచానికి వీపు తిప్పి పడుకున్నారు. మర్నాడు భావనపాడు నుంచి చుట్టాలావిడ ఒకతి గంజి పట్టుకొచ్చి, ఆ బోసి చేతులు చూసి, గంజి గుమ్మంలోనే పెట్టి వెనక్కి తిరిగిపోయింది.

సాయంత్రం సూదిమందు వేళకి సింహాచలమ్మ మెల్లగా అడిగింది.

"నర్సమ్మా, ఒక్కసారి బజారు కాడికెల్లి ఎడం సేతికి గాజులేయించుకుని వచ్చెత్తాను. ఇట్టే వచ్చెత్తాను."

"ఏడు రోజులు మంచం దిగకూడదు."

"పోనీ గాజులోణ్ణి ఇక్కడికే పిలిపించమ్మా."

"ఇది ఆసుపత్రి, తిరనాళ్ళు కాదు."

వరహాలమ్మ వరండాలో కాపేసి, "నాను రెండు గాజులు కొంగున కట్టి తెచ్చెత్తానమ్మా, ఎవులికీ తెలీదు" అని బతిమాలింది. "కుడిసెయ్యంటే రోగం. ఎడం సెయ్యి ఏటి సేసినాదమ్మా?" అని కూడా అంది. ఆయా నోట ఆ ప్రశ్న వినేసరికి సూర్యకుమారికి చుర్రున కాలింది. తప్పు చేశానని లోపల ఎక్కడో తెలిసిపోయినప్పుడు వచ్చే కోపం అది. ఒక్కరికి ఒప్పుకుంటే రేపు పన్నెండు మంచాలూ పన్నెండు కోరికలు కోరతాయని చెప్పి పంపేసింది.

మూడో రోజు పొద్దున్న పెన్సిలిన్ సూది పట్టుకుని వెళ్తే ఏడో నంబరు మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. తొలి బస్సుకి అత్తా కోడలూ నౌపడ వెళ్ళిపోయారని టీకొట్టువాడు చెప్పాడు. సూర్యకుమారి రిజిస్టరు తీసి, 'చెప్పకుండా వెళ్ళిపోయినది' అని రాసింది. ఎర్ర సిరాతో రాసింది.

"ఇంకా అయిదు రోజులు సూదులు పడకపోతే చెయ్యి మళ్ళీ తిరగబెడుతుందమ్మా. ఎవరినైనా పంపుదామా?" అన్నారు డాక్టరు గారు.

"వైద్యం కావాలనుకుంటే వాళ్ళే వస్తారండి."

ఆ మాట అన్నది తనే. ఇందులో రూలు తప్పు లేదు, డాక్టరు తప్పు లేదు. నౌపడ దాకా బస్సుంది, అక్కణ్ణించి ఉప్పుమళ్ళ గట్టు మీద నడిస్తే భావనపాడు. వరహాలమ్మ వెళ్తానంది. తను సరేనంటే చాలు. ఒకరోజు గడిచింది, రెండు గడిచాయి. సాయంత్రాలు బస్సు ఆగిన చప్పుడైతే కిటికీలోంచి తొంగి చూసేది, చూసినట్టు ఎవరైనా పసిగట్టారేమోనని మందుల బీరువా సర్దేది. అయిదో రోజున ఏడో నంబరు మంచం ఇంకొకరికి ఇచ్చేసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గేటు ముందు ఎడ్లబండి ఆగింది. ఉప్పుగాలికి నల్లబడిన మనిషి ఒకడు సింహాచలమ్మని రెండు చేతుల మీదా ఎత్తుకుని లోపలికి వచ్చాడు. అప్పలరాజు. నావ ఆ తెల్లవారే ఒడ్డుకి చేరింది. ఏడుగురూ క్షేమంగా తిరిగి వచ్చారు.

సింహాచలమ్మ ఎడమ చేతికి కొత్త గాజులు నిండుగా ఉన్నాయి. కుడిచెయ్యి ఆకుపసరు కట్టులో ఉంది. కట్టు విప్పకముందే గది అంతా వాసన వేసింది. డాక్టరు గారు ఒక్కసారి చూసి కుర్చీలో కూర్చుండిపోయారు.

"నర్సమ్మా, నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు దీనికి" అన్నాడు అప్పలరాజు. "నాను బతికే ఉన్నాననీసి సెప్పు. జొరంలో నన్ను సూసి జడుసుకుంటన్నాది. దెయ్యమై వచ్చినాననుకుంటన్నాది."

సూర్యకుమారి మంచం మీదికి వంగి, "సింహాచలమ్మా, మీ ఆయన వచ్చాడు, చూడు" అంది. ఆ పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. సింహాచలమ్మ కళ్ళు తెరిచి, నర్సుని చూసి, ఎడమ చెయ్యి గబుక్కున వీపు కిందికి దాచుకుంది.

ఆ దాచుకోవడం చూశాక సూర్యకుమారికి ఇంక ఏ రూలూ గుర్తు రాలేదు. గోడకి ఆనుకుని నించుంది. తన చేతులకేసి చూసుకుంటే అవి ఎవరో నరహంతకుడి చేతుల్లా కనిపించాయి. ఆ సాయంత్రమే సింహాచలమ్మని నౌపడ స్టేషనులో రైలెక్కించి విశాఖపట్నం పంపించారు. పది రోజులకి డాక్టరు గారికి కార్డు ముక్క వచ్చింది. ప్రాణం దక్కింది. చెయ్యి భుజం కిందికి తీసేశారు.

ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. డాక్టరు గారు సర్టిఫికెట్టు రాసినట్టుగా, "మధ్యలో వెళ్ళిపోవడం వల్ల జరిగిందమ్మా, మీరేం చేస్తారు" అన్నారు. రిజిస్టరులో ఎర్ర సిరా అక్షరాలు ఆమెని కాపాడుతూ నిలబడ్డాయి. ఆ పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ వరస అరచేత్తో కప్పి తిప్పేది.

భావనపాడు వెళ్ళి ఆ మనిషి కాళ్ళమీద పడాలని చాలాసార్లు అనుకుంది. ఒక ఆదివారం బస్సెక్కి నౌపడలో దిగింది కూడా. ఉప్పుమళ్ళ దాకా నడిచింది. పడవల తెరచాపలు కనిపించేసరికి ఆగిపోయింది. ఏమని చెప్పాలి? రూలు అని చెప్పాలా? వెనక్కి తిరిగి తరవాతి బస్సుకే వచ్చేసింది. వరహాలమ్మతో మాత్రం నందిగాం వెళ్ళొచ్చానని అబద్ధమాడింది.

ఆ తరవాత ఆమె పద్ధతి మారింది. రోగి దగ్గరికి వెళ్ళగానే చెయ్యి పట్టుకోవడం మానేసింది. ముందు స్టూలు లాక్కుని కూర్చునేది. ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం తిని వచ్చావు, దేనికి భయపడుతున్నావు అని అడిగేది. చెయ్యబోయేది ముందే చెప్పేది. ఒకసారి పలాస నుంచి జీడిపిక్కలు కొట్టే మనిషి వచ్చింది. కృష్ణవేణి అని. జీడి నూనె పడి వేళ్ళన్నీ బొబ్బలెక్కి ఉన్నాయి. పాత సూర్యకుమారి అయితే మందు రాసి, వారం దాకా పనికి పోవద్దని గదిమి పంపేసేది. ఇప్పుడు కూర్చుని అడిగితే తెలిసింది, ఆమె చంటిబిడ్డ తల్లి, ఆ వేళ్ళతో పిల్లని ముట్టుకోవడానికి భయపడి రెండు రోజులుగా పాలివ్వడం లేదు. పాలు గడ్డకట్టి జ్వరం కూడా వచ్చింది. పిల్లని తెప్పించి, తనే పట్టుకుని, తల్లి రొమ్ముకి అందించి కూర్చుంది. వేళ్ళకి మందు ఆ తరవాత రాసింది.

కొత్తగా చేరిన నర్సులు వెనక నవ్వుకునేవారు. కట్టు కట్టడానికి వచ్చిందా, పెళ్ళి సంబంధం మాట్లాడ్డానికి వచ్చిందా అనేవారు. ఆమెకి వినపడేది. "పుండుకి మందు మనం వేస్తాం. మాననిచ్చేది మాత్రం ఆ మనిషే. ఆ మనిషిని అడక్కుండా ఏం చేసినా సగం పనే" అని చెప్పేది. మంచి మాటలు అని వాళ్ళు తలూపేవారు. ఆ మాటలు తను ఎవరి చేతిని పోగొట్టి నేర్చుకుందో చెప్పడానికి నోరు వచ్చేది కాదు. సూర్యకుమారమ్మ చల్లని తల్లి అని టెక్కలి చుట్టుపక్కల పేరు వచ్చింది. ఎవరైనా చేతులెత్తి దణ్ణం పెడితే ఆ రెండు చేతులకేసి చూసి మొహం తిప్పుకునేది.

అరవై తొమ్మిది వేసవిలో తీరం ఊళ్ళకి మశూచి టీకాలు వెయ్యడానికి తాలూకా వాళ్ళకి మనుషులు చాల్లేదు. ఈ ఆసుపత్రిని అడిగితే డాక్టరు గారు సూర్యకుమారి పేరు రాసిచ్చారు. జాబితాలో బారువ ఉంది, భావనపాడు కూడా ఉంది. ఈసారి తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

భావనపాడులో టీకా బల్ల చుట్టూ ఒక్కరూ చేరలేదు. టీకా వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఇళ్ళల్లో దూరారు. ఎండు చేపలు ఆరబెట్టిన ఇసకలో కాకులు తిరుగుతున్నాయి. గంటసేపు అలా కూర్చున్నాక, చేపల మధ్యనుంచి ఒక మనిషి నడిచి వచ్చింది. కుడి భుజం మీద పైట మడతపెట్టి దోపి ఉంది. ఎడమ చంకన ఏడాదిన్నర ఆడపిల్ల.

"ముందు దీనికెయ్యి. తరవాత నాకెయ్యి. అప్పుడు అందరూ వత్తారు" అంది సింహాచలమ్మ.

సూర్యకుమారి సూది తీసింది. పిల్లకి టీకా వేసింది, తల్లి ఎడమ భుజానికి వేసింది. సింహాచలమ్మ చెప్పినట్టే ఒక్కొక్కరూ బయటికొచ్చారు. జనం అంతా అయ్యేసరికి పొద్దు వాలింది. సింహాచలమ్మ వెళ్ళిపోలేదు. ఇసకలో పక్కనే కూలబడి ఉంది.

"నన్ను గుర్తు పట్టావా?" అంది సూర్యకుమారి.

"పట్టకేటి."

"ఆ రోజు నేను చేసింది…" రెండున్నరేళ్ళుగా అద్దం ముందు అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నువ్వు అక్కణ్ణించి వెళ్ళిపోయింది నావల్ల. తెలిసి కూడా నీకోసం మనిషిని పంపలేదు. తప్పంతా నాదే సింహాచలమ్మా."

సింహాచలమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "సెయ్యి వాసిపోతే గాజులు తియ్యాలని మాకు మాత్రం తెలీదేటమ్మా? మా ఊర్లో గాజులు ఊడనప్పుడు, ముందు మణికట్టుకి పసుపుతాడు కట్టేసి, తరవాత గాజులు తీసెత్తారు. సెయ్యి బోసి కాదు. నువ్వు ఒక్క మాట సెప్పుంటే మా అత్తే తాడు కట్టేసును. నాను ఏడు రోజులూ ఉందును."

సూర్యకుమారి తల వంచుకుంది. ఒక్క మాట. అర నిమిషం కూడా పట్టదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఇసకలో పడ్డాయి, తుడుచుకోలేదు.

"సెయ్యి కావాలా గాజులు కావాలా అన్నావు. అది అడగడమేటమ్మా?" అంది సింహాచలమ్మ. కోపం లేదు గొంతులో. కోపం ఎప్పుడో అయిపోయిన గొంతు. "పోనీలే. మా మావ బాగానే సూసుకుంటాడు. సేపలు ఒంటిసేత్తో ఏరతన్నాను. ఒకటే బాద. పోయిన సెయ్యి ఉన్నట్టే ఉంటాది. దురద పెడతాది. ఎక్కడని గోక్కోను? సెప్తే మా అత్త పిచ్చెక్కిందంటాది. నువ్వు సదివినావు కదా, దీనికేటైనా మందుందేటి?"

మందు లేదు. ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు, డాక్టరు గారికీ తెలియదు. సూర్యకుమారి స్టూలు వదిలి, తెల్లచీర నలిగిపోతుందన్న ధ్యాస లేకుండా, ఇసకలో ఆమెకి ఎదురుగా కూర్చుంది.

"ఏ వేలు?" అని అడిగింది.

సింహాచలమ్మ ఆమెకేసి వింతగా చూసింది. తరవాత కుడి భుజం మీది పైట మడత కింద ఉన్న ఖాళీ వైపు, ఇక్కడ కాదు, ఇంకా కిందికి అన్నట్టు ఎడమ చేత్తో చూపించింది.

"సిటికిన యేలు" అంది. "ఇన్నాల్లకి అడిగినావు."